సముద్రం బొమ్మ, బిస్కట్ డబ్బా మూత

రెన్స్కె ఫల్కెమాకి ప్రయోగాలు చెయ్యడం చేతకాదని నోర్డర్‌హావెన్ యూనివర్సిటీ మనస్తత్వశాస్త్ర విభాగం ఒక శుక్రవారం మధ్యాహ్నం తేల్చేసింది. తేల్చినవాడు ప్రొఫెసర్ లోడెవైక్ ఫన్ ఒమ్మెరెన్. మిగతావాళ్ళు నవ్వారు. నవ్వడం కూడా ఒక రకం వోటే.

"బఠాణీ సూపు ఈ దేశంలో అందరూ కాస్తారమ్మా," అన్నాడు ఒమ్మెరెన్, గదిలో అందరికీ వినబడేలా. "అందరిదీ మా అమ్మ కాచినట్టు ఉంటుందా? గింజలు అవే, నీళ్ళు అవే. చెయ్యి వేరు. నా ప్రయోగం నీ చేతిలో పండలేదంటే నా ప్రయోగాన్ని ఏమనమంటావు చెప్పు?"

రెన్స్కె జున్ను పెట్టిన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. ఆమెది ఉత్తరాది సముద్రపు గట్టున ఉన్న పల్లె. అక్కడివాళ్ళు మాటలు పొదుపుగా వాడతారు. మహా విందు పెట్టినా, పిల్ల పుట్టినా, ఇల్లు గెలుచుకున్నా "ఇంతకన్నా తక్కువగానూ ఉండొచ్చు" అంటారు. అంతకు మించిన పొగడ్త వాళ్ళ దగ్గర లేదు. అలాంటి చోట పుట్టిన మనిషి నిండు సభలో ప్రొఫెసర్‌తో వాదిస్తుందా? రొట్టె తినేసి, చేతులు దులుపుకుని, సైకిలెక్కి ఇంటికెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒకడు చేసిన ప్రయోగం ఇంకొకరు చేసినా అదే ఫలితం రావాలి, అదే కదా శాస్త్రం అంటే? రాకపోతే మొదట చేసినవాడిని కూర్చోబెట్టి "బాబూ, నీ లెక్కలు ఒకసారి చూపించు" అనాలి. అనరు. రెండోసారి చేసినదాన్ని నిలబెట్టి "నీకు రాదేమో" అంటారు. మొదటివాడికి కుర్చీ ఉంది, రెండోదానికి ఏడాది ఒప్పందం ఉంది. తేడా అంతే.

ఇంతకీ ఆ ప్రయోగం ఏమిటో చెప్పాలి.

చాలా ఏళ్ళ కిందట ఒమ్మెరెన్ రెండు గదులు తీసుకున్నాడు. ఒక గదిలో గోడ మీద పెద్ద సముద్రం బొమ్మ పెట్టాడు. రెండో గది గోడ బోసిగా వదిలేశాడు. రెండు గదుల్లోనూ కాఫీ ఇచ్చి, బిస్కట్ డబ్బా తెరిచి, విద్యార్థుల్ని కూర్చోబెట్టాడు. బోసి గదిలో కూర్చున్నవాళ్ళు తలా నాలుగు బిస్కట్లు లాగించారు. సముద్రం గదిలో వాళ్ళు ఒక్కటి తిని చేతులు ముడుచుకున్నారు. విశాలమైన దాన్ని చూసిన మనిషికి కోరిక అణుగుతుందని, మనసు నిబ్బరపడుతుందని ఒమ్మెరెన్ రాశాడు. పెద్ద పరిశోధన పత్రిక అచ్చేసింది. టీవీ వాళ్ళు పిలిచారు. ఆయన ఇసకతిన్నె మీద నిలబడి, గాలికి కండువా ఎగురుతుండగా మాట్లాడాడు. ఆ కండువా కూడా కొంత పేరు తెచ్చుకుంది.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. తరవాతే ఊరి పాలకులకి బుద్ధి పుట్టింది. బడి క్యాంటీన్లలో సముద్రం బొమ్మలు పెట్టారు. అప్పుల సలహా కేంద్రంలో పెట్టారు. చివరికి, గడవనివాళ్ళకి వారానికోసారి సరుకుల పెట్టె ఇచ్చే ఆహార కేంద్రంలోనూ పెట్టారు. పెట్టి, అక్కడ టీ బల్ల మీద ఉండే బిస్కట్లు, పిల్లలకిచ్చే చాక్లెట్లు తగ్గించేశారు. బొమ్మ ఉంది కదా, ఇక అవసరం పడదని.

ఆ ఆహార కేంద్రంలో కూర్చునేవాళ్ళలో రెన్స్కె తల్లి హిల్లి ఒకతె. చక్కెర ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి పనిచేసి, నడుము పోయి, పనీ పోయిన మనిషి. కూతురిచ్చే డబ్బు తీసుకోదు. "నీ పెళ్ళినాటికి దాచుకో," అంటుంది. "నేను పెళ్ళి చేసుకోనమ్మా," అంటే, "అయితే సైకిల్ కొనుక్కో," అంటుంది.

ఒక ఆదివారం హిల్లి ఉల్లిపాయలు తరుగుతూ అంది, "మీ యూనివర్సిటీ వాళ్ళు మాకో బొమ్మ పంపారే. ఇంత పొడుగు సముద్రం. దాన్ని చూస్తూ కూర్చుంటే ఆశ చస్తుందట."

"చచ్చిందా?"

"నేను సముద్రం పక్కనే పుట్టాను. ఇంట్లో ఏడుగురం. పొద్దున లేస్తే సముద్రమే. ఒక్కనాడైనా ఆకలి తగ్గిందేమో గుర్తు చేసుకుంటున్నా." కత్తి ఆపింది. "ఆ ప్రొఫెసరు ఎప్పుడైనా ఆకలితో సముద్రం చూశాడంటావా?"

ఆ వారమే రెన్స్కె తన గైడ్ మెన్నొ దగ్గరికి వెళ్ళి, పీహెచ్‌డీలో చివరి అధ్యాయంగా ఒమ్మెరెన్ ప్రయోగాన్ని మళ్ళీ చేస్తానంది. మెన్నొ మంచివాడు. మంచివాడంటే, ఎవరితోనూ గొడవ పెట్టుకోనివాడు. "చెయ్యి చెయ్యి, ఎలాగూ అదే వస్తుంది. ఆయనా సంతోషిస్తాడు," అన్నాడు.

రెన్స్కె పనిచేసే తీరు చూసినవాళ్ళకి నవ్వొచ్చేది. వ్యాసంలో ఏ బిస్కట్ రాశాడో ఆ బిస్కటే కావాలి. ఆ కంపెనీ పొట్లం మార్చిందని తెలిసి, పాత పొట్లం కోసం ఊళ్ళో కొట్లన్నీ తిరిగింది. గోడ రంగు నంబరు వ్యాసంలో ఉంది, అదే రంగు తనే నిచ్చెనెక్కి వేసింది. బొమ్మ తీసిన ఫొటోగ్రాఫర్ని వెతికి పట్టుకుని అదే సముద్రం, అదే కెరటం, అదే సైజు అచ్చు వేయించింది. కుర్చీల ఎత్తు కొలిచింది. గది వెచ్చదనం చూసింది. ఇన్ని చేసి విద్యార్థుల్ని పిలిచి కాఫీ పోసి కూర్చోబెడితే, సముద్రం గదిలో అందరూ తలా ఒకటి తిన్నారు. బోసి గదిలోనూ తలా ఒకటే తిన్నారు.

ఆమెకి వింతగా తోచింది మీరనుకునేది కాదు. ఒకటి తినడం మామూలే కదా, మనుషులు ఒకటే తింటారు. మరి ఒమ్మెరెన్ బోసి గదిలో నాలుగేసి బిస్కట్లు తిన్న ఆ రాక్షసులు ఎవరు? ఎక్కణ్ణించి వచ్చారు? అదీ ఆమెని పట్టి పీడించిన ప్రశ్న.

అసలు లెక్కలు చూస్తే తెలిసిపోతుంది. ఎవరు ఏ గదిలో, ఏ రోజు, ఎన్ని తిన్నారో చూస్తే చాలు. ఒమ్మెరెన్ వ్యాసం చివర చక్కగా అచ్చయి ఉంది: "సహేతుకంగా కోరినవారికి డేటా అందజేయబడును." పరిశోధన వ్యాసాల చివర ఈ వాక్యం, బస్సుల్లో "పొగ తాగరాదు" అన్నంత గౌరవంగా ఉంటుంది.

రెన్స్కె కోరింది. ఆయన సెలవులో ఉన్నానన్నాడు. సెలవు అయ్యాక కోరింది. కంప్యూటరు మారిందన్నాడు. పాత కంప్యూటరు ఎక్కడుందని అడిగింది. నేలమాళిగలో ఉంది, నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయన్నాడు. నీళ్ళు తీశాక అడిగింది. పాల్గొన్నవాళ్ళ గోప్యత ఒకటి ఉంటుంది కదా అన్నాడు.

"పేర్లు తీసేసి ఇవ్వండి ప్రొఫెసర్ గారూ. ఎవరో ఎన్నో బిస్కట్లు తిన్నారని తెలిస్తే ఎవరి పరువు పోతుంది?"

"అది నువ్వు తేల్చేది కాదు. అసలు నీకు ఎందుకు కావాలి?"

"సరిచూడ్డానికి."

"చూశావా, అదే సహేతుకం కాదు. తప్పులు పట్టాలని అడిగేవాళ్ళకి ఎవరైనా ఇస్తారా?"

అంటే తప్పులు పట్టని వాళ్ళకే ఇస్తారట. వాళ్ళెందుకు అడుగుతారు?

పత్రిక సంపాదకుడికి రాసింది. డేటా పంచుకోవడాన్ని తమ పత్రిక మనస్ఫూర్తిగా ప్రోత్సహిస్తుందని ఆయన జవాబిచ్చాడు. బలవంతం మాత్రం చెయ్యదట. ఆయనా ఒమ్మెరెనూ ప్రతి చలికాలం కలిసి మంచు మీద జారడానికి వెళతారని తరవాత ఎవరో చెప్పారు.

సరే, ఒమ్మెరెన్ ఇవ్వకపోతే ఆయన దగ్గర పనిచేసినవాళ్ళ దగ్గర ఉండకపోతుందా? వ్యాసం అడుగున ఇద్దరు సహాయకులకి కృతజ్ఞతలు ఉన్నాయి. ఒకామె ట్రూస్. విభాగంలోనే పనిచేసి, రిటైరయి, పక్క ఊళ్ళో ఉంటోంది. రెన్స్కె ముందుగా ఫోన్ చేసి, వారం ముందు తేదీ ఖాయం చేసుకుని వెళ్ళింది. అక్కడ చెప్పకుండా తలుపు తడితే ఎవరో చనిపోయారనుకుంటారు.

ట్రూస్ కాఫీ పోసింది. డబ్బా తెరిచింది. రెన్స్కె ఒక బిస్కట్ తీసుకుంది. ట్రూస్ మూత వేసి, డబ్బా తీసుకెళ్ళి అల్మారాలో పెట్టేసింది. మర్యాద అయిపోయింది.

"సముద్రం గది నాదే," అంది ట్రూస్. "మేడ మీద, నా గది పక్కనే ఉండేది కదా అని నన్ను చూసుకోమన్నారు. కింద గది ఆ దక్షిణాది కుర్రాడు చూసుకునేవాడు. షెంగ్. వాగుడుకాయ. ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూనే ఉండేవాడు."

"డేటా మీ దగ్గరేమైనా ఉందా ట్రూస్ గారూ?"

"నా దగ్గరెందుకుంటుందమ్మాయ్? అన్నీ ఆయన తీసుకెళ్ళాడు. బిస్కట్లు మాత్రం మిగిలినవి నేను తెచ్చుకున్నాను. పారేస్తారా మరి?"

మంచి కాఫీ, మంచి బిస్కట్, అనుకుంటూ రెన్స్కె వచ్చేసింది. ఉత్తరాది ఇంట్లో ఉత్తరాది పిల్లకి కొత్తగా కనబడిందేమీ లేదు.

ఈలోగా ఆ శుక్రవారం సభ జరిగింది, బఠాణీ సూపు మాట వచ్చింది, నవ్వులయ్యాయి. సోమవారం మెన్నొ గది తలుపు వేసి మెల్లగా అన్నాడు:

"రెన్స్కె, ఆ అధ్యాయం తీసెయ్యి."

"తీసేస్తే థీసిస్ పుస్తకం సరిపోదుగా."

"ఇంకోటి రాద్దాం."

"నా ఒప్పందం వేసవితో అయిపోతుంది. ఇంకోటి ఎప్పుడు రాస్తాను?"

మెన్నొ కిటికీలోంచి బయటికి చూశాడు. "పరీక్షక సంఘంలో ఒమ్మెరెన్ ఉంటాడు. ఆ అధ్యాయం ఇలాగే ఉంటే ఒప్పుకోడు. మిగతావాళ్ళు ఆయన మొహం చూస్తారు. నీ డాక్టరేట్ పోతుంది. పోనీ చివర ఒక్క వాక్యం రాయి, 'బహుశా ప్రయోగం చేసినవారి నైపుణ్యలోపం వల్ల' అని. అంతే. అందరూ హాయిగా ఉంటారు."

"నేను తప్ప."

"నువ్వూ ఉంటావు, డాక్టరేట్ వచ్చాక."

చూడండి, మంచివాళ్ళు ఎంత చల్లగా గొంతు కోస్తారో! తనకి చేతకాదని తన పుస్తకంలో తన చేత్తోనే రాసుకుంటే డాక్టరేట్ ఇస్తారట. రాయకపోతే, ఇన్నేళ్ళ చదువూ ఖాళీ చేతులతో ముగుస్తుంది. రెన్స్కె ఆలోచించుకుంటానని చెప్పి, మర్నాడు రైలెక్కింది. రెండో సహాయకుడు షెంగ్, దేశానికి ఆ చివరనున్న రూర్‌మండ్‌లో పళ్ళ రొట్టెల కొట్టు పెట్టుకున్నాడని ట్రూస్ చెప్పింది. మనస్తత్వశాస్త్రం మానేసి పిండి పిసుకుతున్నాడు. మంచి పనే చేశాడు.

నదులు దాటి దక్షిణానికి దిగితే ఆ దేశం వేరే దేశం. భాష సాగుతుంది, నవ్వు సాగుతుంది, భోజనం మరీ సాగుతుంది. షెంగ్ కొట్టు వెనక గదిలోనే ఇల్లు. బల్ల మీద చెర్రీ రొట్టె, ఆప్రికాట్ రొట్టె, బియ్యం పాయసం నింపిన రొట్టె. ఒక్కోటీ సైకిల్ చక్రమంత ఉంది.

"రండమ్మా రండి, అంత దూరం నించి వచ్చారు, ముందు తినండి. మాటలకేం, ఎక్కడికీ పోవు."

రెన్స్కె ఒక ముక్క తింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "షెంగ్ గారూ, ఆ సముద్రం ప్రయోగం డేటా..."

"ఇంకో ముక్క వేసుకోండి. ఇది చెర్రీ."

"వద్దండీ. ఒకటి తిన్నాగా."

"ఒకటి తిన్నారు కాబట్టే అంటున్నా, తినకపోతే కొట్టేవాణ్ణి. వేసుకోండమ్మా, మీ అమ్మ చూస్తే ఏమనుకుంటుంది, చిక్కిపోయారు."

వేసేశాడు. పెట్టినదాన్ని వదలడం ఉత్తరాదిలో మహాపాపం, అందుకని తినేసింది. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి బియ్యం రొట్టె వచ్చి పడింది. డేటా తన దగ్గర లేదని, అంతా ఒమ్మెరెన్ దగ్గరే ఉందని షెంగ్ చెబుతూనే ఉన్నాడు, చెబుతూనే వడ్డిస్తున్నాడు. మధ్యలో కాఫీకి తోడుగా బిస్కట్ డబ్బా కూడా తెచ్చి బల్ల మధ్యన పెట్టాడు. మూత తీసి, కిటికీలోంచి పడేసినంత నిర్లక్ష్యంగా పక్కన పడేశాడు.

రెన్స్కె ఆ డబ్బా వంక చూస్తూ ఉండిపోయింది. ఎవరి ఇంట్లోనూ అంతసేపు తెరిచి ఉన్న డబ్బా ఆమె చూడలేదు. లోపల బిస్కట్లు బాహాటంగా కనిపిస్తున్నాయి. కాస్త సిగ్గుగా కూడా అనిపించింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. ఒకటి తీసుకుంది. మరి కాసేపటికి ఇంకోటి. అప్పుడు నములుతున్నదల్లా నోరు ఆపేసింది.

"షెంగ్ గారూ. మూత వెయ్యరా?"

"మూతా? మూతెందుకమ్మా? శవపేటికా?"

"ప్రయోగంలో కూడా... తెరిచే ఉంచేవారా?"

"ఉంచడమేంటి, తినండ్రా అని వెంటపడేవాణ్ణి. చలిలో వణుకుతూ వచ్చేవాళ్ళు పిల్లలు, డబ్బా మూసేసి కూర్చుంటే బాగుంటుందా? 'బిస్కట్లు వాళ్ళ ముందు పెట్టు' అన్నాడు ప్రొఫెసర్ గారు. పెట్టాను."

"మేడ మీద ట్రూస్ గారికీ అదే చెప్పి ఉంటారు," అంది రెన్స్కె. "ఆవిడా పెట్టే ఉంటుంది."

పెట్టి, ఇంట్లో రెన్స్కెకి చేసినట్టే ఒకటి ఇచ్చి, మూత వేసి ఉంటుంది. విద్యార్థుల్లో ఎవడికి ధైర్యం, వెళ్ళి ట్రూస్ డబ్బా మూత తియ్యడానికి? సముద్రం కాదు, సునామీ వచ్చినా తీసి ఉండరు.

ఇంకా ఘోరం రైల్లో తట్టింది. తన రెండు గదుల్లోనూ మూత వేసింది తనే. ప్రతిసారీ, చూడకుండా, తలుపు వేసినట్టు, పళ్ళు తోముకున్నట్టు వేసింది. కుర్చీ ఎత్తు కొలిచిన మనిషి, గోడ రంగు నంబరు వెతికిన మనిషి, తన చెయ్యి ఏం చేస్తోందో చూసుకోలేదు. ఒమ్మెరెన్ అన్న మాట ఒక్కటి నిజమే, ప్రయోగం చేతిలోనే ఉంది. రెన్స్కె రైల్లో పడీ పడీ నవ్వింది. ఎదుటి సీటాయన పేపరు పైకెత్తి మొహం కప్పుకున్నాడు.

తిరిగొచ్చి నాలుగు గదులు పెట్టింది. సముద్రం ఉండి మూత తెరిచినది, సముద్రం ఉండి మూత వేసినది, సముద్రం లేకుండా మూత తెరిచినది, సముద్రం లేకుండా మూత వేసినది. ఈసారి గదుల్ని ఎవరు చూసుకోవాలో చీట్లు తీసి నిర్ణయించింది. తెరిచిన గదుల్లో మనుషులు తింటూనే ఉన్నారు. మూసిన గదుల్లో ఒక్కటి తిని ఊరుకున్నారు. సముద్రం గోడ మీద ఉందా లేదా అని బిస్కట్లకి ఏమాత్రం పట్టలేదు.

తరవాత ఆమె చేసిన పనికే విభాగం అసలు ఉలిక్కిపడింది. లెక్కలన్నీ, ఒక్క వరుస కూడా దాచకుండా, ఎవరైనా దింపుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేసింది. పేర్లు తీసేసింది. తను మొదటిసారి తెలియక మూతలు వేసిన సంగతి కూడా రాసేసింది.

"అదెందుకు రాశావ్?" అన్నాడు మెన్నొ, నెత్తి పట్టుకుని. "ఎవరూ అడగలేదు కదా."

"అడిగేదాకా ఆగితే ఆయనకీ నాకూ తేడా ఏముంది?"

"కనీసం ఆ 'చేతకానితనం' వాక్యమైనా..."

"రాశాను కదా. నాకూ చేతకాలేదని రాశాను. ఆయనకీ చేతకాలేదని పక్కనే రాశాను."

పరీక్షకుల్లో ఒమ్మెరెన్ ఒప్పుకోలేదు. కానీ మిగతావాళ్ళు ఈసారి ఆయన మొహం చూడలేదు. లెక్కలు కళ్ళ ముందున్నాయి, ఎవరికి వారు కూడి చూసుకున్నారు. ఒకాయన తన ఇంట్లో అత్తగారి మీద కూడా ప్రయోగం చేసి చూశాడట. పుస్తకం గట్టెక్కింది. ఇక మిగిలింది నిండు సభలో పరీక్ష.

ఆ పరీక్ష తంతు చూడాల్సిందే. పరీక్షకులందరూ నల్ల అంగీలు, టోపీలతో వరసగా వస్తారు. ముందు ఒక భటురాలు గజ్జెల దండం పట్టుకుని నడుస్తుంది. అభ్యర్థి పక్కన ఇద్దరు తోడు నిలబడతారు, పెళ్ళిలో తోడుపెళ్ళికూతుళ్ళలా. వాళ్ళు నోరు విప్పకూడదు. రెన్స్కె తన తోడుగా ఎవరిని నిలబెట్టుకుందనుకున్నారు? కుడి పక్కన ట్రూస్. ఎడమ పక్కన షెంగ్, అద్దెకి తెచ్చిన పొడుగు కోటులో, బొత్తాలు బలవంతంగా పెట్టుకుని.

"కడుపు లోపలికి లాక్కో," అంది ట్రూస్ పళ్ళ మధ్యలోంచి.

"లాక్కున్నాకే ఇలా ఉంది," అన్నాడు షెంగ్.

మొదటి వరసలో హిల్లి, మంచి గౌను వేసుకుని, నడుము నొప్పికి తలగడ పెట్టుకుని కూర్చుంది.

ఒమ్మెరెన్ లేచాడు. "అభ్యర్థి గారూ, మీ నాలుగు గదులు బాగున్నాయి. కానీ నా రెండు గదుల్లో మూతలే కారణమని ఎలా చెప్పగలరు? నా గదుల్లో ఏం జరిగిందో మీరు చూశారా?"

షెంగ్ నోరు తెరిచాడు. అధ్యక్షుడు వేలు చూపించాడు. షెంగ్ నోరు మూసుకున్నాడు గానీ, కోటు బొత్తాం ఒకటి ఊడిపోయింది.

రెన్స్కె ఆయన వైపు తిరిగింది. "మహా విద్వాంసులైన పరీక్షకుల వారూ," అంది. అక్కడ అలాగే పిలవాలి. "చూడలేదు. అందుకే చెప్పలేనని పుస్తకంలో రాశాను. చెప్పగలిగేది ఒక్కటే. చూసినవాళ్ళు ఇద్దరు నా పక్కన నిలబడ్డారు, వాళ్ళు మాట్లాడకూడదు. చూపించగలిగినది మీ దగ్గరుంది, మీరు ఇవ్వడం లేదు. ఇస్తే, నాదే తప్పని తేలినా ఈ సభలోనే ఒప్పుకుంటాను."

మొదటి వరసలోంచి హిల్లి పక్కావిడతో, గుసగుస అనుకుని, అందరికీ వినబడేలా అంది, "ఇస్తాడంటావా?"

ఒమ్మెరెన్ మెడ దగ్గర అంగీ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఈ విషయంలో... సహేతుకమైన..." అన్నాడు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుని, గజ్జెలు ఘల్లుమనిపిస్తూ భటురాలు వచ్చి దండం నేలకి కొట్టి, సమయం అయిపోయిందని లాటిన్‌లో ప్రకటించింది. ఆ మాటతో ఎవరైనా సరే, వాక్యం మధ్యలో ఉన్నా ఆపేయాలి. శతాబ్దాలుగా ఆ ఆచారం అభ్యర్థుల్ని కాపాడుతూ వచ్చింది. ప్రొఫెసర్ని కాపాడడం ఆ రోజే చూశాం.

రెన్స్కెకి డాక్టరేట్ ఇచ్చారు. ఎర్ర గొట్టంలో పెట్టి ఇచ్చారు. హిల్లి దాన్ని విప్పి, లాటిన్ ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా చదివింది. "సంతకాలన్నీ ఉన్నాయా?" అని అడిగింది. ఒమ్మెరెన్‌ది కూడా ఉంది. సభలో కూర్చున్న ప్రతి పరీక్షకుడూ పెట్టాలి మరి.

రెన్స్కె ఇప్పుడు పక్క ఊళ్ళో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. మొదటి తరగతిలో పిల్లలకి చెప్పేది ఒకటే, మీరు ఏం చేశారో రాయండి, మీ చేతులు ఏం చేశాయో కూడా రాయండి. పిల్లలు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. రొట్టె ముక్క పట్టుకుని మాట్లాడకుండా కూర్చోవడం మాత్రం మానేసింది.

ఇంతా చేస్తే, ఆహార కేంద్రం గోడ మీద సముద్రం అలాగే ఉంది. తియ్యమని రెన్స్కె ఊరి పాలకుల్ని అడిగింది. పెద్ద పత్రికలో అచ్చయిన పరిశోధన, పత్రిక వెనక్కి తీసుకుంటే తీస్తామన్నారు. పత్రికని అడిగితే, రచయిత డేటా ఇస్తే పరిశీలిస్తామన్నారు. రచయితని అడిగితే, సహేతుకంగా కోరితే ఇస్తానన్నాడు. హిల్లి ఇప్పటికీ ప్రతి వారం ఆ బొమ్మ ఎదురుగా కూర్చుని తన వంతు కోసం చూస్తోంది. పిల్లల చాక్లెట్లు ఇంకా తగ్గించే ఇస్తున్నారు.

కాబట్టి చదివేవాళ్ళని నేను అడిగేది ఇది. ఒక్క రెన్స్కె అడిగితే అది గొడవ. వందమంది అడిగితే అదే సహేతుకం. పొద్దున పేపర్లో "పరిశోధనలో తేలింది" అని కనబడితే, తేల్చినవాళ్ళ లెక్కలు ఎక్కడున్నాయో రెండు ముక్కలు రాసి అడగండి. ఆ పేరు చెప్పి మీ ఊరి బళ్ళో, రేషన్ దుకాణంలో, అంగన్‌వాడీలో ఎవరి కంచంలోంచి ఏదైనా తగ్గిస్తే, ముందు డేటా చూపించి తరవాత తగ్గించమనండి. మీ విశ్వవిద్యాలయం మీ పన్నులతో నడుస్తోంది, దాని లెక్కలు మీవి. మర్యాదగానే అడగండి. ఇవ్వకపోతే మళ్ళీ అడగండి. సెలవులో ఉన్నామంటే, సెలవు ఎప్పుడు అయిపోతుందో కూడా అడగండి.